మటన్ మానమనే ముందు బ్రాయిలర్ షెడ్డు కూడా చూడండి

సంపాదకులకు,

వాతావరణం కోసం మటన్ తగ్గించి చికెన్ తినమంటూ ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. అందులో చెప్పింది నిజమే. గొర్రె త్రేన్చే మీథేన్, 20 ఏళ్ల లెక్కన చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్ల దాకా వేడి పుట్టిస్తుంది. నెమరు వేయని కోడితో ఆ బెడద లేదు.

షాద్‌నగర్ దగ్గర మాకు బ్రాయిలర్ షెడ్డు ఉంది. పిల్లలు, దాణా కంపెనీవి. పెంచిపెట్టినందుకు మాకు కిలోకి ఇంతని ఇస్తారు. వ్యాసంలో రాని సగం అక్కడ ఉంది.

ఒక గొర్రెకు వచ్చే 12 కిలోల మాంసం కావాలంటే తొమ్మిది కోళ్లు పోవాలి. మా వైపు గొర్రె బీళ్లలో, కోతలైన చేలల్లో తిరిగి మేస్తుంది. కోడి బతికేది 40 రోజులు, చదరపు అడుగు చోటులో. నెల దాటేసరికి రొమ్ము బరువుకి కాళ్లు ఆగవు. కొన్ని నీళ్ల దాకా కూడా పోలేక ఊకలో కూలబడతాయి. పొద్దున్నే వాటిని ఏరి గిన్నె దగ్గర కూర్చోబెట్టేది నేనే. మే నెలలో గోనెపట్టాలు ఎంత తడిపి కట్టినా వగర్చి వగర్చి చచ్చిపోతాయి. లారీ వచ్చిన రాత్రి కాళ్లు పట్టి, గుత్తులుగా తలకిందులు చేసి క్రేట్లలో వేస్తారు.

ఇంత తొందరగా పెరుగుతుంది కాబట్టే దాణా తక్కువ పడుతుంది, వాతావరణానికి మేలూ అందుకే. అంటే ఆ మేలు కోడి కాళ్ల మీద పడుతోంది. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా లాంటి కోడి నిదానంగా పెరుగుతుంది, పెరట్లో తిరుగుతుంది. దానికి దాణా ఎక్కువే కావాలి. అయినా గొర్రె మీథేన్ ముందు ఆ భారం చిన్నది. మటన్ మానితే దక్కే లాభంలో కొంత కోడికి వదిలేద్దామని నా మాట. ధర పెరుగుతుంది, పెరగనివ్వండి. వారానికి మూడుసార్లు తినేవాళ్లు ఒకసారి తింటే వాతావరణానికీ అదే మేలు.

లా కమిషన్ 2017లోనే 269వ నివేదికలో బ్రాయిలర్ల పెంపకానికి నిబంధనల ముసాయిదా రాసి ఇచ్చింది. కోడికి ఇంత చోటు ఉండాలని ప్రభుత్వం అన్ని కంపెనీలకూ ఒకటే రూలు పెట్టాలి. మా ఒక్క షెడ్డులో పిల్లల్ని తగ్గించి వేసుకుంటే కిలోల లెక్కన వచ్చే డబ్బు తగ్గుతుంది, ఆ నష్టం మాదే అవుతుంది.

– ఒక కోళ్ల రైతు, షాద్‌నగర్