మా ఊరి షెడ్డు, శాసనసభ కమిటీ

కనిగిరి

రేయ్ మామా,

ఎట్టున్నావు? అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పోయిన ఆదివారం ఫోన్‌లో అన్నావే, అనవసరమైన సర్కారు పథకాలు ఎత్తేసేదానికి శాసనసభలో ఒక కమిటీ వేస్తే సగం దుబారా పోద్దని. అప్పట్నించీ అదే బుర్రలో తిరగతా ఉంది. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

వేయాల్సిందేరా. చెరువు కట్ట కింద, చెత్తతో ఎరువు చేస్తామని కట్టిన షెడ్డు సంక్రాంతికి వచ్చినప్పుడు చూశావు గదా. రేకులు తుప్పు పట్టిపోయాయి. తొట్ల నిండా ఎవరివో కందికట్టెలు. తలుపుకి తాళముంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో పంచాయతీలో అడిగినా చెప్పలేకపోయారు. పథకం మొదలుపెట్టేటప్పుడు జీవో వస్తుంది, కొబ్బరికాయ కొడతారు, బోర్డు పెడతారు. ఆపేదానికి ఒక్కరి సంతకమూ ఉండదు. నాకు కడుపు మండేది అక్కడే.

ఉన్న కమిటీల సంగతి చూడు. ప్రజాపద్దుల కమిటీ, సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక ముందేసుకుని, అయిపోయిన ఖర్చు గురించి అడుగుతుంది. అప్పటికే చేతులు కాలి ఉంటాయి. అంచనాల కమిటీ పొదుపు దారులు చెప్తుంది. లోక్‌సభలో అది 1950 నుంచీ ఉంది, 30 మంది సభ్యులు. సిఫారసు చేయగలదు గానీ తనంతట తను దేన్నీ ఎత్తేయలేదు.

అమెరికాలో 1941లో హ్యారీ బర్డ్ అనే సెనేటర్ అధ్యక్షతన అచ్చంగా ఈ పనికే ఉభయసభల కమిటీ వేశారు. అది ఎత్తేయమన్న, నిరుద్యోగులకు పని చూపించే పెద్ద పథకాలు 1942, 43ల్లో మూతపడ్డాయి. యుద్ధం వచ్చి పనులు దొరికాయి గనక జనం తట్టుకున్నారు. మన దగ్గర వానల్లేని ఏడాది కరువు పని అట్టా ఆపేస్తే ఊళ్ళకి ఊళ్ళు వలసపోతాయి.

నాకు నచ్చింది అమెరికాలోనే టెక్సాస్ రాష్ట్రం పద్ధతి. 1977లో చట్టం చేశారు. కమిటీలో 12 మంది, అందులో ఇద్దరు మామూలు పౌరులు. చాలా సర్కారు సంస్థలకి గడువుంటుంది, దాదాపు 12 ఏళ్ళకోసారి. ఆలోగా చట్టసభ కొనసాగించమని మళ్ళీ చట్టం చేయకపోతే రద్దయిపోద్ది. మన పథకాలకీ అట్టాంటి గడువు రాయాలి.

ఒక్కటే నా భయం. అమరావతిలో కూర్చుని కాగితాలు చూసేవాళ్ళకి మా వైపు వేసవిలో ట్యాంకరు నీళ్ళు, ఫ్లోరైడ్ పరీక్షలు అనవసరపు ఖర్చులా కనపడొచ్చు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగీ తాగీ మా పెదనాన్న గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు, ఒక చేత్తో పట్టు దొరకదు. నడుం వంచలేడు. బడి పిల్లోళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలు. వీటిని చూడకుండా ఎవరూ ఏదీ కొట్టేయకూడదు. కమిటీ వాళ్ళు ఊళ్ళోకొచ్చి, బోరింగు దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళని అడిగి, ఆ తర్వాతే రాయాలి.

వచ్చే నెల వస్తావు గదా. ఇద్దరం కూర్చుని ఎమ్మెల్యేకి అర్జీ రాద్దాం. షెడ్డు ఫోటో తీసిపెట్టా, తాళం కనపడేట్టు. రాత నాది, దిద్దేది నువ్వు.

నీ మామ