గోడ మీది పాత పటం గురించి ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: చెల్లని మాస్టర్ ప్లాన్ పటం చూపి ప్లాటు అమ్మడం

అయ్యా,

హైదరాబాద్ శివార్లలో మీరు వేసిన లేఅవుట్‌లో 2021లో మేము 200 గజాల ప్లాటు కొన్నాం. వెనక ప్రహరీ అవతలి భూమి కూడా నివాస జోనేనని మీ సిబ్బంది పటం మీద వేలు పెట్టి చూపించారు. మీ బ్రోషరులోనూ అదే పటం అచ్చయింది. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) పటమే కదా అని నమ్మి, నా భర్త పీఎఫ్ డబ్బంతా పెట్టి ఇల్లు కట్టుకున్నాం.

నిరుడు ప్రహరీ అవతల రేకుల షెడ్లు లేచాయి. వంటింటి కిటికీ తెరిస్తే ఇనుము కోసే మోత. కడిగి బోర్లించిన గిన్నెల మీద సాయంత్రానికి నల్లటి పొడి పేరుకుంటోంది. మా అత్తగారికి ఉబ్బసం. ఆమె గది కిటికీకి మేకులు కొట్టేశాం.

ఆరా తీస్తే షెడ్లవాళ్ల తప్పేమీ లేదు. 2013 జనవరిలో నోటిఫై అయిన హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్, అంటే మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ ప్లాన్-2031లో ఆ సర్వే నంబర్లు మాన్యుఫ్యాక్చరింగ్ (పరిశ్రమల) జోన్‌లో ఉన్నాయి. మీరు చూపింది అంతకు ముందరి ముసాయిదా.

పోయిన నెల మీ ఆఫీసుకు వస్తే అదే పటం ఇంకా గోడకు వేలాడుతోంది. కింది మూలన మీ కంపెనీ స్టిక్కరు అంచు ఊడింది. ఎత్తి చూస్తే, దాని కింద ‘డ్రాఫ్ట్’ అన్న అక్షరాలు! ఆ పటం ముందే ఒక కొత్త జంట అడ్వాన్సు చెక్కు రాస్తున్నారు. ఆ అమ్మాయిని చూసి నా కడుపు తరుక్కుపోయింది.

“పటం ప్రభుత్వానిదే కదమ్మా” అన్నారు మీ మేనేజరు. ప్రభుత్వానిదే, కానీ ఎప్పటిది? అభ్యంతరాలు విన్నాక జోన్లు మారవచ్చు కాబట్టే దాన్ని ముసాయిదా అంటారు. ఈ సంగతి కొనేవాళ్లకు తెలియకపోవచ్చు, ఊళ్లకు ఊళ్లు లేఅవుట్లు వేసే మీకు తెలియదంటే నేను నమ్మను. ఇప్పుడు 2050 మాస్టర్ ప్లాన్ కూడా తయారవుతోంది. అది అమల్లోకి వచ్చిన రోజే 2031 పటం కూడా మీ గోడ దిగాలి.

ముందుగా ఆ పటం తీసేయండి. తుది పటాన్ని, నోటిఫై అయిన తేదీ కనబడేలా పెట్టండి. అడ్వాన్సు తీసుకోకముందే చుట్టుపక్కల సర్వే నంబర్ల భూ వినియోగ ధ్రువపత్రాలు కొనేవారి చేతికివ్వండి. ప్రకటనలోని తప్పుడు సమాచారం నమ్మి నష్టపోయినవారికి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం 12వ సెక్షన్ ప్రకారం పరిహారం చెల్లించాలి. మాకు ఎంత ఇస్తారో 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. లేకపోతే రెరాలో ఫిర్యాదు దాఖలు చేస్తాను.

బ్రోషరు, రసీదులు, స్టిక్కరు ఎత్తి తీసిన ఫొటో జతచేశాను.

ఇట్లు,
మీ లేఅవుట్‌లోని ఒక ప్లాటు యజమానురాలు