పెన్సిల్వేనియా రాళ్ళల్లో నాకు నీళ్ళు దొరికేలా చేసిన వాళ్ళందరికీ థాంక్స్

అమెరికా తూర్పు కొండల మీదుగా సాగే పొడవాటి కాలిబాట అపలాచియన్ ట్రైల్‌లో పెన్సిల్వేనియా అంటే రాళ్ళే రాళ్ళు అని అందరూ భయపెడతారు, అబద్ధమేం కాదు, కానీ ఆగస్టు చివర్లో వెళ్తే అసలు తిప్పలు నీళ్ళతోనే. పోయిన వారం లీహై గ్యాప్ నుంచి విండ్ గ్యాప్ దాకా నడిచొచ్చా (గ్యాప్ అంటే కొండల మధ్య కనుమ). సాయం చేసిన వాళ్ళలో చాలామంది పేర్లు కూడా తెలీదు, అందుకే ఇలా అందరి ముందూ చెప్తున్నా.

ముందు మా ఆఫీసు అక్కకి. తన ట్రెక్కింగ్ పోల్స్ ఇచ్చి మరీ పంపింది, దానికంటే పెద్ద సాయం ఏంటంటే అక్కడి నీళ్ళ సంగతి చెప్పడం. గ్యాప్ పక్కనే ఉన్న పామర్టన్‌లో 1898 నుంచి 1980 దాకా జింకు కరిగించారంట, ఆ పొగకి కొండ మీద చెట్లన్నీ చచ్చిపోయి మట్టిలోకి క్యాడ్మియం, సీసం దిగిపోయాయి, 1983లో సూపర్‌ఫండ్ లిస్టులో, అంటే బాగా విషపూరితమై శుభ్రం చేయాల్సిన చోట్ల ప్రభుత్వ లిస్టులో, కూడా పెట్టారు. మనం వాడే ఫిల్టర్ బ్యాక్టీరియాని ఆపుద్ది గానీ నీళ్ళలో కరిగిన లోహాన్ని ఆపలేదు కదా, కాబట్టి "అక్కడి ఊటల జోలికి పోకు, కింద నుంచే 5 లీటర్లు మోసుకెళ్ళు" అంది. ఆ బరువుతో బోడి బండల మీద చేతులూ కాళ్ళూ వేసి ఎక్కుతుంటే ప్రాణం పోయిందనుకోండి, అయినా అక్క మాటే కరెక్ట్.

తర్వాత ఎదురొచ్చిన ఒక పెద్దాయన. నేను అడక్కముందే ఆగి ఫోన్ తీసి, లీరాయ్ స్మిత్ షెల్టర్ (నడిచేవాళ్ళు రాత్రి పడుకునే పాక) దగ్గర పై ఊట ఎండిపోయింది, దాని కిందదీ అంతే, ఇంకా కిందికి దిగితే సన్నగా ధార ఉంది, ఆకు ఒకటి అడ్డం పెట్టి బాటిల్ పట్టుకో అని విడమర్చి చెప్పాడు. సరిగ్గా అలాగే ఉంది! ట్రైల్ మీద ఏ రోజుకారోజు తాజా కబురుకున్న విలువ ఏ గైడ్ బుక్కుకీ లేదు, ఇది మాత్రం నా గట్టి అభిప్రాయం.

స్మిత్ గ్యాప్ రోడ్డు దగ్గర చెట్టు మొదట్లో గ్యాలన్ నీళ్ళ డబ్బాలు పెట్టిన వాళ్ళెవరో గానీ చల్లగా ఉండాలి. గాలికి ఎగిరిపోకుండా తాడుతో కట్టి, ఏ రోజు నింపారో మార్కర్‌తో రాశారు, ఆ తేదీ చూశాకే ధైర్యంగా తాగా. వెనకొచ్చే వాళ్ళకి ఉంచాలని ఒక్క లీటరే పట్టుకున్నా.

ఇంకా, పలకల్ని నిలువుగా పాతినట్టుండే ఆ రాళ్ళల్లో దారన్నదే కనపడదు, చెట్టు లేనిచోట రాయి మీదే 2 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవుతో దారి చూపే తెల్ల రంగు గుర్తు వేసి పెట్టిన వాలంటీర్లకి కూడా దండాలు.

అక్కా, పోల్స్ ఆదివారం తెచ్చిస్తా. ఒకదాని మొన పూర్తిగా అరిగిపోయింది, కొత్తది బిగించే తెస్తాలే, తిట్టకు.