నీలం దుప్పటి

చిలకలగూడ,
సికింద్రాబాద్

చిరంజీవి చిన్నాకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను, అమ్మ, చెల్లి క్షేమం. అక్కడ నువ్వు, కోడలు, మనవడు క్షేమమని తలుస్తాను. షికాగో నుంచి వచ్చి మూడు వారాలైనా నాకింకా రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోంది. ముప్పై ఏళ్ళు ఏ స్టేషన్ ఎప్పుడొస్తే అప్పుడు లేచిన మనిషిని, నిద్ర పట్టలేదని ఇప్పుడు కొత్తగా బాధపడేదేముంది? ఆ మెలకువలోనే కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావు. ఫోన్లో చెబితే 'సరే నాన్నా' అంటావు, అక్కడితో సరి.

నేపర్‌విల్‌లో మీ స్నేహితుడి ఇంట్లో భోజనాలు చేసిన రోజు సంగతి ఇది. గోంగూర మాంసం బాగుంది, ఆ ఇంటి ఇల్లాలికి నా తరఫున మరోసారి చెప్పు. తిన్నాక హాల్లో ఇళ్ళ ధరల మీద మొదలైన కబుర్లు, ఏ పేట మంచిది, ఏ పేట వైపు వెళ్ళకూడదు అన్న దాకా వచ్చాయి. అప్పుడు ఒకాయన, 'నల్లవాళ్ళలో మగవాళ్ళకి పెళ్ళాం పిల్లలు పట్టరండీ, కనేసి వెళ్ళిపోతారు' అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. గట్టిగా కాదులే, మర్యాద కోసం నవ్వినట్టు. నేనూ నోరు విప్పలేదు. ఇంగ్లీషు రాదనుకోవడానికి లేదు, అక్కడ నడిచిందంతా తెలుగే. నీకు నేర్పాల్సిన వయసులో ఉండి ఊరుకున్నాను. ఆ బాకీ తీర్చుకుందామనే ఈ ఉత్తరం.

ఆ తర్వాతి బుధవారం నన్ను షికాగోలోని పుల్మన్ పేటకు తీసుకెళ్ళావు. నాన్న రైల్వే మనిషి, రైలు పెట్టెలు తయారైన చోటు చూపిద్దామనుకున్నావు. నీ మనసు మంచిదే. కానీ అక్కడికి చేరేసరికి ఫోన్ మోగింది, నువ్వు మీటింగు కోసం కార్లోనే ఉండిపోయావు, గంటన్నర తర్వాత వచ్చి 'బాగుందా నాన్నా' అన్నావు. బాగుందన్నాను. లోపల ఏం జరిగిందో చెప్పలేదు.

గడియారం గోపురం ఉన్న ఆ పాత భవనంలో డెబ్బై దాటిన నల్లజాతి పెద్దమనిషి ఒకాయన వచ్చినవాళ్ళకు అన్నీ చూపిస్తున్నాడు. నా వంతు వచ్చినప్పుడు తన తాత పుల్మన్ పోర్టర్ అని చెప్పాడు. పోర్టర్ అంటే మన స్టేషన్లో సామాను మోసే మనిషి అనుకున్నాను మొదట. కాదు. రాత్రి రైలు పెట్టెలో పక్కలు పరిచి, తెల్లారాక మడిచి, మధ్యలో ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరకు పరుగెత్తే మనిషి. అంటే నేనే! నాకు వచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషులో ఆ మాట చెప్పాను. ఆయన నమ్మనట్టు చూశాడు. అప్పుడు చేతిలో ఉన్న కండువాను బల్ల మీద వేసి, రైలు కుదుపులో నిలబడి దుప్పటి ఎలా మడుస్తామో చేసి చూపించాను, గడ్డం కింద అంచు నొక్కిపట్టి, రెండు చేతులూ బారజాపి. ఆయన పడీపడీ నవ్వి నా చేయి పట్టుకున్నాడు. వాళ్ళ తాత ఇంట్లో కూడా దుప్పట్లు అలాగే మడిచేవాడట.

ఆయన చెప్పినవి కొన్ని, ఇక్కడికి వచ్చాక చెల్లి కంప్యూటర్లో వెతికి తెలుగులో చెప్పినవి కొన్ని, కలిపి రాస్తున్నాను. అమెరికాలో అంతర్యుద్ధం అయిపోయి బానిసత్వం పోయాక, జార్జి పుల్మన్ తన పడక పెట్టెల్లో పనికి విడుదలైన బానిసలనే ఏరి పెట్టుకున్నాడు. వాళ్ళకు సేవ చేయడం అలవాటని, తక్కువ జీతానికి దొరుకుతారని. ఆయన పోయాక ఆ కంపెనీకి అధ్యక్షుడైంది ఎవరో తెలుసా? బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ సొంత కొడుకు రాబర్ట్. తండ్రి సంకెళ్ళు తెంచాడు, కొడుకు టిప్పుల మీద బతకమన్నాడు.

పోర్టర్ల పేరేదైనా ప్రయాణికులు పిలిచేది 'జార్జి' అనే, యజమాని పేరుతో. బానిసలను దొర పేరుతో పిలిచిన పాత అలవాటు. దీని మీద మొదట గొడవ చేసిన సంఘం ఎవరిదనుకున్నావు? జార్జి అని పేరున్న తెల్లవాళ్ళది! పోర్టర్లను తమ పేరుతో పిలవడం తమకు అవమానమని 1914లో సంఘం పెట్టుకున్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలేదు. ముప్పై ఏళ్ళలో నన్ను పేరుతో పిలిచిన ప్రయాణికులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 'ఏయ్ బెడ్‌రోల్', 'భయ్యా', లేకపోతే చిటిక.

పోర్టర్లు కప్పుకునే దుప్పటి నీలం రంగుది. ప్రయాణికుల దుప్పట్ల రంగు వేరు. పొరపాటున కూడా రెండూ కలవకూడదని ఆ ఏర్పాటు. పడుకునేది సిగరెట్లు తాగే గదిలోని సోఫా మీద, అదీ రాత్రికి మూడు గంటలు దొరికితే గొప్ప. బూట్లు తుడిచే పాలిష్ కూడా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. 1926 ప్రాంతంలో జీతం నెలకు 67 డాలర్ల 50 సెంట్లు. ఇవన్నీ చదువుతూ పోయినా నన్ను ఆపేసింది ఒక్క అంకె: నెలకు 400 గంటల పని.

నెలలో ఉండేవి 720 గంటలు. అందులో 400 రైల్లోనే పోతే, మిగిలిన 320లో నిద్ర, ప్రయాణాల మధ్య పరాయి ఊళ్ళో పడిగాపులు, ఆఖరున ఇల్లు. ఆ మనిషికి బిడ్డ నడక ఎప్పుడు మొదలుపెట్టిందో ఎలా తెలుస్తుంది? నీ తొలి అడుగులు నేను చూడలేదు చిన్నా. ఢిల్లీ నుంచి తిరిగొస్తూ నాగపూర్‌లో ఉన్నాను. నాకు నాలుగు వందల గంటలు ఎవరూ వేయలేదు, వారపు సెలవులు ఉండేవి. ఇంటి అప్పు త్వరగా తీరుతుందని అదనపు డ్యూటీలు నేనే అడిగి వేసుకున్నాను. అందుకే ఎవరినైనా 'ఇంటి దగ్గర ఉండడు' అని తీసిపారేసే ముందు, వాడి గంటలు ఎవరి చేతుల్లో ఉన్నాయో చూడాలనిపిస్తుంది నాకు.

ఈ గంటల కోసమే వాళ్ళు ఒక్కటయ్యారు. 1925 ఆగస్టు 25న న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో సంఘం పెట్టారు. నాయకుడిగా తమలోని మనిషిని ఎన్నుకోలేదు. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ అనే పత్రికాయనను పిలుచుకొచ్చారు. ఆయన ఒక్కరోజు కూడా పోర్టర్ పని చేయలేదు కాబట్టి కంపెనీ ఆయన ఉద్యోగం తీసేయలేదు. ఆ ఎత్తు చూసి నేను లేచి కూర్చున్నాను! మా యూనియన్లో ఎన్ని ఏళ్ళు కొట్టుకున్నాం, ఎవడు ముందు నిలబడితే వాడు బదిలీ.

కంపెనీ ఊరుకోలేదు. గూఢచారులను పెట్టింది, సంఘంలో చేరినవాళ్ళను తీసేసింది, నల్లవాళ్ళ చోట ఫిలిప్పీన్స్ వాళ్ళను తెచ్చి పెట్టింది. 1928లో సమ్మె ప్రకటించి ఆఖరి నిమిషంలో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మాంద్యం. 1933 నాటికి సభ్యులు వెయ్యి మంది కూడా మిగల్లేదు. అక్కడే చేతులెత్తేసి ఉంటే కథ ఉండేది కాదు. 1935లో గుర్తింపు ఎన్నికలో గెలిచారు. 1937 ఆగస్టు 25న, సంఘం పుట్టిన రోజునే, ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అంత పెద్ద కంపెనీ నల్లజాతి సంఘంతో ఒప్పందం చేసుకోవడం అమెరికాలో అదే మొదలు. పని గంటలు 400 నుంచి 240కి దిగాయి.

160 గంటలు, చిన్నా. నెలనెలా ప్రతి ఇంటికీ ఒక తండ్రి 160 గంటల పాటు తిరిగొచ్చాడు. మంచి తండ్రిగా ఉండు నాయనా అని ఎవరో బోధిస్తే రాలేదు. పన్నెండేళ్ళు కలిసి నిలబడితే వచ్చింది. ఆ 160 గంటలు ఏ పోర్టరూ ఒంటరిగా తెచ్చుకోగలిగేవాడు కాదు, ఎంత మంచివాడైనా.

ఇది మగవాళ్ళ గొప్పే అనుకుంటావేమో, మీ అమ్మ ఒప్పుకోదు. భర్తలు మీటింగుకు వెళ్ళినట్టు తెలిస్తే ఉద్యోగం పోతుంది కాబట్టి భార్యలే రహస్యంగా ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేశారు. వాషింగ్టన్‌లో రోజీనా టకర్ అనే ఆవిడ, తన పని కారణంగా భర్తను ఉద్యోగంలోంచి తీస్తే నేరుగా పై అధికారి గదిలోకి వెళ్ళి బల్ల గుద్ది మాట్లాడింది. భర్తకు ఉద్యోగం తిరిగొచ్చింది. నూట అయిదేళ్ళు బతికిందట, బతకదూ మరి! అంత చేసినా, సంఘం పేరులో మొదట ఉన్న 'పనిమనిషుల' మాటను 1929లో తీసేశారు. పడక పెట్టెల్లో పనిచేసిన ఆడవాళ్ళ మాట అది. తప్పు చేశారు. మనకు ఆదర్శంగా కనిపించేవాళ్ళ తప్పును దాచిపెట్టి చెప్పడం నాకు చేతకాదు.

అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో ఇ. డి. నిక్సన్ అనే పోర్టర్ ఉండేవాడు, అక్కడి సంఘం శాఖకు అధ్యక్షుడు. 1955 డిసెంబరులో బస్సులో తెల్లవాళ్ళకు సీటు ఇవ్వనన్నందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడను అరెస్టు చేస్తే జామీను ఇచ్చి విడిపించుకొచ్చింది ఆయనే. తెల్లవారగానే పాస్టర్లకు ఫోన్లు చేశాడు. వాళ్ళలో ఇరవై ఆరేళ్ళ మార్టిన్ లూథర్ కింగ్ ఒకడు. ఆ బస్సులు ఎవరూ ఎక్కకూడదని తేల్చుకునే మీటింగుకు అందరినీ కూడగట్టి, తను మాత్రం వెళ్ళలేకపోయాడు. ఎందుకంటే ఆ రోజు ఆయనకు రైలు డ్యూటీ ఉంది! దేశ చరిత్ర మలుపు తిరుగుతుంటే ఆయన ఎక్కడో పక్కలు పరుస్తున్నాడు. ఈ ఒక్క సంగతికే నేను ఆయన ఫోటో చిన్నది చెల్లితో తీయించి గోడకు పెట్టుకున్నాను. మీ అమ్మ 'ఈయనెవరు' అని అడిగింది. 'మా డిపార్టుమెంటు' అన్నాను.

అదంతా పాత కథ, ఇప్పటి మాట చెప్పు నాన్నా అంటావు. సరే. 2021లో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో ఒక హైస్కూల్లో మూడు రోజుల్లో 23 మంది పిల్లలను కొట్లాటల కేసుల్లో అరెస్టు చేశారు. అప్పుడు నలభై మంది దాకా తండ్రులు ఒకేలాంటి చొక్కాలు వేసుకుని, వంతులవారీగా బడికి వచ్చి గుమ్మం దగ్గర, వరండాల్లో నిలబడ్డారు. లాఠీలు లేవు, పిల్లలను నవ్వించడానికి పాతకాలం జోకులు. కొట్లాటలు ఆగిపోయాయి. వాళ్ళు పెట్టుకున్న పేరు 'డ్యాడ్స్ ఆన్ డ్యూటీ'. అందులో డ్యూటీ అన్న మాట నాకు మరీ నచ్చింది. వంతులు, అంటే మా భాషలో లింకు. ఒకడు దిగితే ఇంకొకడు ఎక్కుతాడు, పెట్టె ఖాళీగా ఉండదు.

ఇక ఆ రోజు హాల్లో ఆయన అన్న మాట. పిల్లలతో ఒకే ఇంట్లో లేని తండ్రులు వాళ్ళలో ఎక్కువన్నది నిజమే, అబద్ధమని నేననను. కానీ 2013లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య గణాంకాల వాళ్ళు ఒక నివేదిక వేశారు. అయిదేళ్ళ లోపు పిల్లలతో కలిసి ఉంటున్న తండ్రుల్లో, రోజూ పిల్లలకు స్నానం చేయించడమో, బట్టలు తొడగడమో, డైపర్ మార్చడమో చేసేవాళ్ళు నల్లజాతివాళ్ళలో నూటికి 70 మంది, తెల్లవాళ్ళలో 60 మంది. మన తెలుగువాళ్ళ లెక్క అందులో లేదు. లేకపోవడమే మన పరువుకు మంచిదేమో. ఆ రోజు హాల్లో నవ్విన ఏడుగురిలో ఎంతమంది చేతులు పైకి లేచేవో నువ్వే ఆలోచించు. నా చేయి లేవదు.

నీకు మీటింగులు ఆగవని తెలుసు. రాత్రి తొమ్మిదికి ఇండియా వాళ్ళతో, పొద్దున ఆరింటికి ఇంకెవరితోనో. నీ చుట్టూ ఉన్న వాళ్ళందరిదీ అదే అవస్థ, అందరూ చిన్న పిల్లల తండ్రులే, ఒక్కొక్కరూ విడివిడిగా కోడళ్ళకు సంజాయిషీ చెప్పుకుంటారు. నలుగురూ కలిసి ఒక్కసారి, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు మీటింగు వద్దని అడిగి చూశారా? ఊరికే అడుగుతున్నాను. మీ కంపెనీల సంగతి నాకేం తెలుసు.

మనవడికి స్నానం ఎవరు చేయిస్తున్నారని మొన్న ఫోన్లో అడిగితే కోడలు నవ్వి ఊరుకుంది. అందుకని మీ అమ్మను అడిగి రాస్తున్నాను, నాకు తెలియదు కాబట్టి. నీళ్ళు వేలితో కాదు, మోచేత్తో చూడాలట. తల చివర్న కడగాలట, ముందే కడిగితే జలుబు చేస్తుందట. తువ్వాలు ముందుగానే విప్పి దగ్గర పెట్టుకోవాలట, తడి బిడ్డను ఎత్తుకుని తువ్వాలు కోసం వెతకకూడదట. నేను తెచ్చిన పసుపు తువ్వాలు మెత్తనిది, కోడలు అలమరలో కింది అరలో పెట్టింది.

ఇట్లు,
నాన్న