హెరాల్డ్‌ను ఊడదీయకు

కోవెంట్రీ

అమ్మలూ,

నీ పాత ట్రయంఫ్ హెరాల్డ్ కారును మాత్రం ఊడదీయకు. వచ్చే సెలవుల్లో సీట్లు, తలుపులు, డ్యాష్‌బోర్డు అన్నీ విప్పేసి, బాడీని ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) మీంచి లేపి, కొత్త రంగు వేయించాలని రాశావు. చదివిన దగ్గర్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో చెబుతుంటే మాట ఎటో పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇది పూర్తిగా చదివాకే పానా పట్టుకో.

నువ్వు కొన్నది 1969 నాటి 13/60 మోడల్. అమ్మినాయన ఇంటి నుంచి లీడ్స్ దాకా దాన్ని నువ్వే నడుపుకుంటూ వచ్చావు. పాత కారుకు అంతకు మించిన మంచి గుణం లేదు. తుప్పు ఉండొచ్చు, రంగు వెలిసి ఉండొచ్చు, సీటు చిరిగి ఉండొచ్చు. నడుస్తోంది కదా! నడిచే కారును నడుపుకుంటూనే బాగు చేసుకోవాలి.

పాత కార్ల వేలానికి ఎప్పుడు వెళ్లినా ఓ మూల సగంలో ఆగిపోయినవి కనిపిస్తూనే ఉంటాయి. బాడీ ఒకచోట, ఇంజన్ ఒకచోట, మిగతావన్నీ అట్టపెట్టెల్లో. వాటి యజమానులు బద్ధకస్తులేమీ కాదు. నీలాగే ప్రేమతో మొదలుపెట్టినవాళ్లే. విప్పడం తొందరగా అయిపోతుంది. తిరిగి బిగించేది మాత్రం ఏళ్ల మీద పడుతుంది. ఈలోగా ఉద్యోగం మారుతుంది, ఇల్లు మారుతుంది, పిల్లలు పుడతారు. ఏ బోల్టు కింద ఏ వాషర్ ఉండేదో ఎవరికీ గుర్తుండదు. అలా ఆగిపోయిన కారు చివరికి విడిభాగాల కింద అమ్ముడుపోతుంది. మంచి కార్లు తుప్పుకంటే ఇలాగే ఎక్కువగా పోతున్నాయని నా నమ్మకం.

హెరాల్డ్ దగ్గర ఈ ఆశ ఇంకా ఎక్కువ పుడుతుంది, ఎందుకంటే అది విప్పడానికి వీలుగా పుట్టిన కారు. 1959లో స్టాండర్డ్-ట్రయంఫ్ వాళ్లు దీన్ని మార్కెట్లోకి తెచ్చేసరికి చాలా కంపెనీలు విడి ఛాసిస్‌ను వదిలేసి, బాడీయే బరువు మోసే పద్ధతికి మారిపోయాయి. హెరాల్డ్‌కు మాత్రం విడి ఛాసిస్ ఉంచి, దానిమీద బాడీని ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించారు. ఆకారం గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలోట్టి. బానెట్, ముందు చక్రాల మీది రెక్కలు కలిసి ఒకటే ముక్కగా ముందుకు వాలిపోతాయి, టైరు మీద కూర్చుని ఇంజన్ పని చేసుకోవచ్చు. ఇదంతా కోవెంట్రీలో, ఇప్పుడు నేనుంటున్న చోటికి దగ్గర్లోనే, క్యాన్లీ ఫ్యాక్టరీలో జరిగింది. అక్కడ కార్ల తయారీ 1980లో ఆగిపోయింది.

బోల్టులే కదా, విప్పి మళ్లీ బిగిద్దాం అనిపిస్తుంది. కానీ బాడీకీ ఛాసిస్‌కీ మధ్య పలచటి రేకు ముక్కలు పెట్టి ఉంటారు. తలుపు అంచున సందు సమానంగా కనిపించేది వాటివల్లే. ఒకసారి బాడీ లేపితే ఆ లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఛాసిస్ తుప్పు పట్టి ఉండగా బాడీ లేపితే ఛాసిస్ వంగినా తెలియదు. వెల్డింగ్ అయ్యాక చూస్తే తలుపులు మూసుకోవు. అందుకే బాడీ మీద ఉండగానే పని చెయ్యాలి. పక్కలకు చాచిన చేతుల్లాంటి అవుట్‌రిగ్గర్లను ఒక్కొక్కటిగా కోసి, కొత్తది వెల్డింగ్ చేసి, తలుపు సందు కొలిచి, అప్పుడే రెండోదానికి వెళ్లాలి.

తుప్పు ఎక్కడుందో చూడు. సుత్తితో మెల్లగా తట్టు, తర్వాత స్క్రూడ్రైవర్‌తో పొడువు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పోయినది అప్పడంలా విరుగుతుంది. అవుట్‌రిగ్గర్లు, డిక్కీ కింద ఛాసిస్ చివర్లు, బల్క్‌హెడ్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటికీ మధ్య గోడ) అడుగు, ఇవి ముఖ్యం. తలుపుల కింది సిల్స్ ఎంత తుప్పుపట్టినా కంగారు పడకు. చాలా కార్లలో అవి బలానికి ఆధారం, హెరాల్డ్‌లో మాత్రం ఊరికే బిగించిన పలకలు. పుట్టీ మీద రంగు వేసిన చోటు కనిపిస్తే అయస్కాంతం పెట్టి చూడు, అది అంటుకోదు. శీతాకాలంలో ఇక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పే దీనంతటికీ కారణం. ఉప్పు చల్లిన రోజుల్లో కారు బయటికి తీయకు. తప్పనిసరై తీస్తే ఇంటికి రాగానే అడుగుభాగం నీళ్లతో కడుగు. ఆరాక మైనం లాంటి పూత, వాక్సాయిల్ అయినా డినిట్రోల్ అయినా, ఛాసిస్ లోపలికి కూడా కొట్టాలి.

తుప్పుకంటే ముందు బ్రేకులు. నీ కారుకు పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ ఒకటే, బ్రేక్ ఆయిల్ వెళ్లే దారీ ఒకటే. ఏదో ఒక చక్రం దగ్గర రబ్బరు పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఆ రబ్బరు పైపులు బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి ఉంటాయి. ఎవరు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే వెంటనే అన్నీ మార్చు. టైరు అంచు మీద నాలుగు అంకెల నంబరు చూడు, చివరి రెండూ సంవత్సరం. పదేళ్లు దాటితే గాడి ఎంత లోతున్నా తీసెయ్.

ఇక ట్రనియన్లు. ఈ ఒక్క పేరా రెండుసార్లు చదువు. ముందు చక్రం తిరిగే నిలువు లింకు అడుగున మరలు ఉంటాయి, అవి ఇత్తడి రంగు దిమ్మలో తిరుగుతాయి, దాన్నే ట్రనియన్ అంటారు. అందులో పోయాల్సింది గేర్ ఆయిల్, ఈపీ 90. గ్రీజు కాదు. గ్రీజు పైదాకా పాకదు, నీళ్లు చేరతాయి, లింకు లోపలే తుప్పుపట్టి ఒకరోజు విరుగుతుంది. విరిగితే చక్రం రెక్క కిందికి మడుచుకుపోతుంది. గన్‌తో ఆయిల్ ఎక్కించాక పైన సీలు దగ్గర చెమ్మ కనిపించాలి. ఆరు నెలలకోసారి, తప్పకుండా.

నెల్లూరులో తాతయ్య కారుకు మేస్త్రీ వచ్చినప్పుడల్లా ఆయన దగ్గరుండి మరీ గేర్ ఆయిలే పోయించేవారు. నేను ఆ గన్ పట్టుకుని నిలబడేదాన్ని. అది మద్రాసులో స్టాండర్డ్ వాళ్లు తయారు చేసిన హెరాల్డ్, మార్క్ 3, నాలుగు తలుపులది. నాలుగు తలుపుల హెరాల్డ్ ఇంగ్లండ్‌లో ఎప్పుడూ తయారు కాలేదు, ఆ మాట చెబితే ఇక్కడివాళ్లు నమ్మలేక ఫొటో అడుగుతారు. అప్పట్లో మన దగ్గర కొత్త భాగం దొరకడం కష్టం. అరిగిన బుష్ ఉంటే లేత్ మీద కొత్తది తిప్పించి వేసేవారు, డైనమో పోతే విప్పి చుట్టించేవారు. బాగున్నదాని జోలికి పోయేవారు కాదు. తాతయ్యకు ఆ కారు రోజూ కోర్టుకు వెళ్లాలి, అందుకని విప్పింది సాయంత్రానికల్లా మళ్లీ బిగించాల్సిందే. నేను నేర్చుకున్న పద్ధతి అదే, ఇప్పుడు నీకు చెబుతున్నదీ అదే.

నీకున్న అదృష్టం ఏమిటంటే, భాగాలు ఇప్పుడు పోస్టులో ఇంటికొస్తాయి. స్పిట్‌ఫైర్, విటెస్ కార్లు కూడా ఈ కుటుంబంవే, చాలా సామాన్లు వాటివీ వీటివీ ఒకటే. ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్‌లో చేరు. అక్కడి పెద్దవాళ్లకు ఈ కారు లోపల ఏ వైరు ఎక్కడికి పోతుందో తెలుసు, అడిగితే ఓపిగ్గా చెబుతారు. మిల్లీమీటర్ల పానాలు వాడకు, నట్ల అంచులు అరిగిపోతాయి. అంగుళాల సెట్టు కొనుక్కో.

ఇంజన్ 1296 సీసీ, మొండిది. 20డబ్ల్యూ50 ఆయిల్ పోసి, వేళకు మారుస్తూ ఉంటే చాలు. ఇంజన్‌కు నిప్పురవ్వ అందించే పాయింట్ల సందు 0.38 మిల్లీమీటర్లు, వాల్వుల సందు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.25. ఇంకొకటి చూడు. ఎవరినైనా క్లచ్ తొక్కమని, ఇంజన్ ముందున్న క్రాంక్ పుల్లీని (క్రాంక్ ఇరుసు చివర బెల్టు తిరిగే చక్రం) గమనించు. అది కంటికి తెలిసేలా ముందుకు జరిగితే లోపల క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయని అర్థం. వాటిని ఆయిల్ సంప్ దించి మార్చొచ్చు. నిర్లక్ష్యం చేస్తే ఊడి కింద పడతాయి, తర్వాత క్రాంకూ బ్లాకూ రెండూ పోతాయి. పెట్రోలు 2021 నుంచి మామూలుగా దొరికేది ఈ10, అందులోని ఇథనాల్ పాత రబ్బరును తింటుంది. కాస్త ఖరీదైనా సూపర్ గ్రేడ్, ఈ5 పోయించు. పెట్రోలు పైపులు ఇథనాల్‌ను తట్టుకునేవి వెయ్యి.

మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలకు. వెనక కమాను పట్టీ అడ్డంగా ఉంటుంది, ఇరుసులు ఊగే రకం, అలా వదిలితే చక్రం లోపలికి ముడుచుకుంటుంది. మలుపుకు ముందే వేగం తగ్గించు.

40 ఏళ్లు దాటింది కాబట్టి రోడ్డు టాక్స్ కట్టక్కర్లేదు, కానీ ఏటా నమోదు చెయ్యాలి. 2018 నుంచి ఇలాంటి కార్లకు ఎంఓటీ, అంటే ఏటా చేసే భద్రతా పరీక్ష కూడా తప్పనిసరి కాదు. నువ్వు మాత్రం ఏటా చేయించు. నీకు తెలియని చేతులు, కళ్లు ఏడాదికోసారి ఆ కారు కిందికి వెళ్లి చూడటం నాకు ధైర్యం.

రంగు సంగతి. బల్క్‌హెడ్ మీద కమిషన్ ప్లేట్ ఉంటుంది, కారు పుట్టినప్పటి రంగు కోడ్ దానిమీదే ఉంది. ఆ రంగు ఇంకా ఎక్కువ భాగం మిగిలే ఉందని ఫొటోల్లో చూశాను. దాన్ని గీకేస్తే మళ్లీ రాదు. ముందు పాలిష్ చేసి చూడు. డ్యాష్‌బోర్డు వాల్‌నట్ చెక్కకు వార్నిష్ పగిలింది, అంతే. చిరిగిన సీటు కుట్టించు, మార్చకు. బ్రేకులు, ట్రనియన్లు, ఛాసిస్ అయ్యాక, ఒక వేసవంతా నడిపాక, అప్పటికీ రంగు మార్చాలనిపిస్తే నేను అడ్డు చెప్పను.

వచ్చే నెల మొదటి శనివారం రైల్లో వస్తున్నాను. ఆయిల్ గన్, ఫీలర్ గేజ్, అంగుళాల పానాలు నేను తెస్తాను. నువ్వు బ్రేక్ పైపుల సెట్టు, గట్టి స్టాండ్లు నాలుగు తెప్పించి ఉంచు. కమిషన్ ప్లేట్ ఫొటో, నాలుగు టైర్ల నంబర్లు రేపే పంపు. నేను వచ్చేదాకా ఒట్టి జాకీని నమ్మి కారు కింద దూరకు.

అమ్మ