రెండు వాషర్లతో అయ్యే పని కాదురా

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చదివి తెగ నవ్వుకున్నాను. "రెండు వాషర్లు వేస్తే వేరే మోటార్‌సైకిల్ చక్రం మన బండికి పట్టేస్తుందట కదరా" అని అడిగావు. ఆ మాట నీకు చెప్పినవాడు జన్మలో ఆ పని చేసుండడు. చేసినవాణ్ని నేనున్నానుగా, విను.

నా బండి వెనక బ్రేకు డ్రమ్ము అరిగి అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి పోయింది. బ్రేకు నొక్కితే ఒక చుట్టులోనే సగం పట్టేది, సగం వదిలేది. కాలికింద పెడల్ గంతులేసేది. లేత్ మీద ఇంకోసారి కోయిద్దామంటే మందం మిగల్లేదు. అలాంటి హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, ఎంత వెతికినా దొరకలేదు. అందుకని కొత్త మోడల్ బండి చక్రం ఒకటి మొత్తంగా తెచ్చుకున్నాను. నాది 19 అంగుళాల రిమ్ము, అది 18. అంగుళం తేడాయే కదా అనుకున్నా.

పక్కపక్కన పెట్టి కొలిస్తే ఒక్కటి కలిస్తే ఒట్టు. నా ఇరుసు 17 మిల్లీమీటర్లు, దాని బేరింగుల్లో రంధ్రం 15. నా చైను నంబరు 530, దాని స్ప్రాకెట్, అదే చైను కూర్చునే పళ్ళ చక్రం, 428 చైనుకి కోసింది. ఆ నంబర్లలో మొదటి అంకె అంగుళంలో ఎనిమిదో వంతుల లెక్కరా. 5 అంటే పిన్నుకీ పిన్నుకీ మధ్య 5/8 అంగుళం, 4 అంటే అర అంగుళం. ఆ పళ్ళమీద నా చైను కూర్చోదు గాక కూర్చోదు. వీటన్నిటికీ తోడు నా బ్రేకు పెడల్ ఎడమవైపు, దాని డ్రమ్ము కుడివైపు.

నాకు మొదటినుంచీ ఒకటే పంతం. పాత బండిని కొయ్యకూడదు, ఏం కోసినా తెచ్చిన చక్రం వైపే కొయ్యాలి. ఇరుసును 15కి చెక్కించెయ్యమని చాలామంది చెప్పారు. వెనక బరువంతా మోసేదాన్ని సన్నం చెయ్యడానికి మనసొప్పలేదు. బేరింగుల పట్టిక ముందేసుకుని కూర్చుంటే దారి అందులోనే కనబడింది. చక్రంలో ఉన్నది 6202 నంబరు బేరింగు. లోపల 15, బయట 35, వెడల్పు 11. దానికి బదులు 6003 చూడు. లోపల 17, బయట అదే 35, వెడల్పు 10. అదే గూట్లో చక్కగా దిగింది, హబ్బును ముట్టుకోనే లేదు. సన్నది కాబట్టి బరువు మోసే బలం కొంచెం తక్కువే, కానీ నేను తోలే తీరుకి చాలు. నీ ఇరుసు 20 అయి, నువ్వు తెచ్చే చక్రంలో 6302 ఉంటే 6004 వేసుకో. రెండింటికీ బయట కొలత 42.

ఆ రాత్రి నా తెలివికి నేనే మురిసిపోయాను. మురిపెం దించింది ఓ చిన్న గొట్టం. రెండు బేరింగుల మధ్య హబ్బు లోపల ఒక స్పేసర్ ఉంటుంది చూడు, దాని రంధ్రం కూడా 15దే. 17కి కొత్తది లేత్ మీద తిప్పించాలి కదా, హబ్బు లోపలి దూరాన్ని మామూలు స్కేలు పెట్టి కొలిచి ఇచ్చాను. అర మిల్లీమీటరు పొట్టిగా వచ్చింది. ఇరుసు నట్టు వదులుగా ఉన్నంతసేపూ చక్రం గిరగిరా తిరిగేది, బిగిస్తే మొరాయించేది. కొత్త గ్రీజు కదా, గట్టిగా ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను! ముప్పై కిలోమీటర్లు వెళ్ళేసరికి వెనకనుంచి గరగరమని మూలుగు. ఆపి హబ్బు మీద చెయ్యి పెడితే చుర్రుమంది.

విప్పితే విషయం తెలిసింది. నట్టు బిగిసినప్పుడు ఆ ఒత్తిడంతా గొట్టం గుండా అవతలి బేరింగుకి పోవాలి. గొట్టం పొట్టిదైతే రెండు లోపలి రింగులూ ఒకదానివైపు ఒకటి జరిగి, బేరింగు గుండ్లని పక్కనుంచి నలిపేస్తాయి. రెండోసారి వెర్నియర్‌తో కొలిచి, గూళ్ళ మధ్య దూరం కంటే పదోవంతు మిల్లీమీటరు పొడవు ఉంచాను. ఒక బేరింగు పూర్తిగా దింపి, గొట్టం పెట్టి, రెండోదాన్ని దాని లోపలి రింగు గొట్టానికి తగిలేదాకా మాత్రమే కొట్టాను. ఇప్పుడు నట్టు ఎంత బిగించినా చక్రం వేలితో తోస్తే తిరుగుతుంది.

ఇక చైను లైను, అంటే ముందు వెనక స్ప్రాకెట్లు ఒకే గీతలో ఉండటం. వెనక చక్రాన్ని రెండువైపులా పట్టుకునే స్వింగ్ ఆర్మ్ మధ్యలో చక్రాన్ని పెడితే రిమ్ము ముందు చక్రంతో ఒకే గీతలో ఉంది గానీ, స్ప్రాకెట్ 5 మిల్లీమీటర్లు బయటికి, అంటే ఎడమకి, పోయింది. చక్రాన్నే లోపలికి జరిపితే రిమ్ము పక్కకి పోతుంది. రెండు రోజులు దాని చుట్టూ తిరిగి చివరికి ఆ 5ని రెండు చోట్ల పంచేశాను. స్ప్రాకెట్ ఎలాగూ 530కి కొత్తది కోయించాలి కాబట్టి దాన్నే 2 మిల్లీమీటర్లు లోపలికి వచ్చేలా చేయించాను. మిగిలిన 3కి స్పేసర్లతో చక్రాన్ని కుడికి జరిపాను. తర్వాత ఎడమ స్పోకులు బిగిస్తూ, కుడివి వదులు చేస్తూ రిమ్మును అదే 3 వెనక్కి లాగాను. స్పోకు బిగించే ఒక్కో నిప్పుల్‌కి పావు చుట్టు, అంతే. ఒకేసారి లాగేవు, రిమ్ము అష్టవంకరలు పోతుంది. చక్రానికి రెండువైపులా పడే బయటి స్పేసర్లు మాత్రం అన్నిటికన్నా చివర్లో తిప్పించు. నేను ముందే తిప్పించి ఒక జత పారేశాను.

బ్రేకుకి కేబుల్ వేశాను. అడ్డంగా ఒక షాఫ్టు పెట్టి రాడ్లతో చేస్తే కాలికి స్పర్శ బాగా తెలుస్తుంది, నాకు అంత ఓపిక లేకపోయింది. టార్క్ ఆర్మ్ దగ్గర మాత్రం బద్ధకించకు. బ్రేకు షూలు మోసే ప్లేటు చక్రంతోపాటు తిరగకుండా పట్టుకునేది అదొక్కటే. అది ఊడితే ప్లేటు గిర్రున తిరిగి కేబుల్‌ని చుట్టేసుకుంటుంది, చక్రం బిగుసుకుపోతుంది. దాని కొక్కెం స్వింగ్ ఆర్మ్‌కి వెల్డింగ్ చెయ్యాల్సిందే. నా పంతం ఇక్కడ కాస్త సడలింది. పాత స్వింగ్ ఆర్మ్ ఇంకొకటి సంపాదించి వెల్డింగ్ దానికి చేయించాను, అసలుది గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. మోసమే అంటావా? అనుకో.

నా మీటరు గేర్‌బాక్సు నుంచి నడుస్తుంది కాబట్టి ఇప్పుడు అబద్ధం చెబుతోంది. 3.25 టైరే వేసినా చక్రం మొత్తం ఎత్తు ఇంచుమించు 25.5 అంగుళాల నుంచి 24.5కి తగ్గింది. మీటరు 60 చూపిస్తే నిజానికి పోయేది 58 కూడా కాదు. ఎక్కడం మాత్రం హుషారుగా ఎక్కుతోంది.

నీ బండికి ఇంకో చిక్కుందిరా. నాదాంట్లో గేరు మార్చినప్పటి కుదుపు తీసుకునే స్ప్రింగు ఇంజిన్ షాఫ్టు మీద ఉంది, చక్రం మార్చినా దాని పని అది చేస్తుంది. నీకు ఆ పని చేసే రబ్బర్లు వెనక హబ్బులోనే ఉన్నాయి. రబ్బర్లు లేని హబ్బు తెచ్చావంటే గేరు మార్చిన ప్రతిసారీ దెబ్బ నేరుగా చైనుకీ గేర్‌బాక్సుకీ తగులుతుంది. అది చూడకుండా ఏ చక్రమూ కొనకు.

ముందు నీ ఇరుసు మందం, స్వింగ్ ఆర్మ్ లోపలి వెడల్పు, చైను మీద నంబరు రాసి పంపు. స్కేలుతో కొలిచావో, తంతాను.

నీ
రఘు