పికప్పులు తిప్పి పంపేశాను, ఫిట్టింగులన్నీ దసరా తర్వాతే

తార్నాకలో మా షాపుకి ప్రెసిషన్ బేస్ గిటార్లలో పికప్పులు (తీగల కదలికని పట్టి ఆంప్‌కి పంపే అయస్కాంతపు భాగాలు) మార్పించుకోవడానికి అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళందరికీ ఈ కబురు. దసరా వెళ్ళేదాకా ఎవరి బేస్‌లోనూ కొత్త పికప్ పడదు. సరుకు రాక కాదు, వచ్చినదాన్ని నేనే తిప్పి పంపేశాను.

నేను ఆర్డర్ పెట్టింది అల్నికో 5 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపి చేసే అయస్కాంతం) స్ప్లిట్ కాయిల్, అంటే రెండు ముక్కలుగా ఉండే పికప్. డబ్బా మీద, బిల్లు మీద అదే రాసుంది. మల్టీమీటర్ పెడితే పదిన్నర కిలో ఓమ్‌ల దగ్గర చూపించింది. కానీ మీటర్ లోపల చుట్టిన రాగి తీగ సంగతే చెబుతుంది, అయస్కాంతం సంగతి చెప్పదు. అడుగున నల్ల టేపు అంత శ్రద్ధగా ఎందుకు అంటించారా అని ఒకదానికి పీకి చూశాను. లోపల సెరామిక్ అయస్కాంతపు పట్టీ, పైన కనిపించేవి ఉత్త ఇనప కడ్డీలు. అసలు అల్నికోలో ఆ కడ్డీలే అయస్కాంతాలు, కింద పట్టీతో పనే లేదు. డబ్బాలన్నీ విప్పాను. అన్నీ అదే బాపతు.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే కాదనలేదు. సగం ధరకి ఉంచుకోమన్నాడు. పైగా, "అన్నా, మెటల్ పోరగాళ్ళకి అల్నికో ఏంది, సెరామిక్ ఏంది? డిస్టార్షన్ ఆన్ చేస్తే అన్నీ ఒక్కటే గదా" అన్నాడు.

డబ్బు విషయం ఎలాగోలా సర్దుకునేవాణ్ణి. ఈ మాట మాత్రం మింగుడు పడలేదు. మా షాపుకొచ్చే వాళ్ళలో అందరికంటే చెవి పెట్టి వినేది మెటల్ వాయించే మీరే. రెండు గిటార్లు కిందికి ట్యూన్ చేసుకుని గెయిన్ పెంచి వాయిస్తుంటాయి, అడుగంతా డ్రమ్స్ డబుల్ కిక్ ఆక్రమిస్తుంది. ఐదు తీగల బేస్‌లో లో బి మోగేది 31 హెర్ట్జ్ దగ్గర. ఆ అడుగు స్వరాన్ని చాలా స్పీకర్లు సరిగ్గా పలికించవు కూడా. బేస్ వినిపించేది ఆ స్వరంతోపాటు పుట్టే పై స్వరాల్లో, అంటే హార్మోనిక్స్‌లో, పిక్ తీగకి తగిలే ఆ కటకటలో. దాన్ని పట్టేది పికప్పే. డిస్టార్షన్ పికప్ గుణాన్ని దాచదు, ఇంకా పెద్దది చేసి చూపిస్తుంది. గుయ్‌మనే హమ్‌నీ అంతే. రెండు మామూలు పికప్పులుండే జాజ్ బేస్‌లో ఒకదాని వాల్యూమ్ తగ్గించి డిస్టార్షన్ వేసి చూస్తే తెలుస్తుంది. నేను స్ప్లిట్ కాయిల్ అని పట్టుబట్టేది అందుకే. 1957లో ఫెండర్ ప్రెసిషన్‌కి పెట్టిన ఆ రెండు ముక్కల్లో ఒకదాని తీగ చుట్టు, అయస్కాంత ధ్రువం రెండూ రెండోదానికి తిరగేసి ఉంటాయి. హమ్ అక్కడే కొట్టుకుపోతుంది.

సగం ధర మాట నన్ను నిద్రపోనివ్వలేదు, నిజమే. పండగ లోపు మీలో కొందరికి షోలున్నాయి. "ఏదో ఒకటి పెట్టేయన్నా" అన్నవాళ్ళూ ఉన్నారు. సెరామిక్ చెడ్డదేమీ కాదు, ఆ పదునైన అటాక్ కోసం కోరి పెట్టించుకునేవాళ్ళున్నారు. అందుకే తిప్పి పంపేముందు ఒకటి షాపు బేస్‌లో బిగించి చూశాను. అటాక్ బాగుంది. కానీ స్క్రూడ్రైవర్ పిడితో కవర్ మీద తడితే ఆంప్‌లో డప్పు మోగింది. చుట్టిన తీగ కదలకుండా లోపల పోసే మైనం సరిగ్గా పోయలేదు. స్టేజీ మీద గెయిన్ పెంచితే కీచుమంటుంది. మైనం బాగా పోసి ఉన్నా నేను తిప్పి పంపేవాణ్ణే. అల్నికో అని రాసి సెరామిక్ అమ్మడం నా షాపులో జరగదు. ఆ మనిషి దగ్గర ఇక కొనను.

వేరేచోట ఆర్డర్ పెట్టాను. మీకు చెప్పిన ధర మారదు. ప్రతి పికప్‌నీ మీ ముందే అడుగు విప్పి చూపించి బిగిస్తాను. సెరామిక్కే కావాలంటే ఆ పేరుతోనే, ఆ ధరకే తెప్పిస్తాను. యాక్టివ్ పికప్పులు (బ్యాటరీతో నడిచేవి) కావాలన్నవాళ్ళు బేస్ తీసుకురండి. 9 వోల్టుల బ్యాటరీకి లోపల చోటుందో లేదో చూడాలి, వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్లు కూడా 25 కిలో ఓమ్‌ల వాటికి మార్చాలి. ఆగలేనివాళ్ళకి అడ్వాన్స్ మొత్తం వాపసు.

షోలు దగ్గరపడినవాళ్ళు ఈలోగా వచ్చేయండి. పాత పికప్‌తోనే లోపల రాగి రేకు అంటించి షీల్డింగ్ చేసి, పికప్ ఎత్తు సరిచేసి ఇస్తాను. రేకు ఖర్చు మీది, పనికి డబ్బు తీసుకోను. బేస్ మా దగ్గర వదిలి వెళ్ళినవాళ్ళవి పాత పికప్పులు మళ్ళీ బిగించి సిద్ధంగా పెట్టాను. సాయంత్రం ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళండి.